కళ్లెమవ్వ

భూతాలు, రాక్షసులు, మంత్రగాళ్లు అంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. అయితే పుస్తకంలో ఉన్నంతవరకే. పుస్తకం మూశాక వాటిని నేను ఏనాడూ నమ్మలేదు. మా వాడలో ఎవరికైనా గాలి సోకిందంటే మొదట నవ్వేది నేనే. తర్వాత టీచరునై బడిపిల్లలకూ అదే చెప్పాను, దయ్యాలు లేవని. ఇది చదివి, ముసలితనంలో నాకు చాదస్తం పట్టుకుందని అనుకునేవాళ్లు అనుకోండి. నేను కళ్లతో చూసింది కొంచెమే. మిగతాది విన్నాను. విన్నది విన్నట్టే రాస్తున్నాను.

మాది పాలమూరు దగ్గర ఒక పల్లె, నేతపని ఇల్లు. అరవైల మొదట్లో సంగతి ఇది. అమ్మ నా పసితనంలోనే పోయింది. ఇంట్లో బాపు, అవ్వ, అక్క, నేను. అక్క సత్తెమ్మ బడి మొహం చూడలేదు. పొద్దస్తమానం మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేసేది. నాకు చదువు వచ్చు కాబట్టి బాపు చీరలు అమ్మడానికి పాలమూరు పోయినప్పుడు నెలకొకసారి కథల పత్రిక తెచ్చేవాడు. అందులో ఒక జానపద నవల ధారావాహికగా వచ్చేది. అక్క నేస్తుంటే నేను గుంట పక్కన కూర్చుని పైకి చదివేదాన్ని.

నాకు మాంత్రికులు కావాలి. ఎగిరే చాపలు, కొండంత పాములు, మాట్లాడే పుర్రెలు కావాలి. రాజకుమారి ఏడుపు మొదలుపెడితే రెండు పేజీలు కలిపి తిప్పేసేదాన్ని. రాజకుమారుడంటే కూడా నాకంత గౌరవం లేదు. ఎంత మోసపోయినా బుద్ధి రాని మనిషి. అక్క రుచి వేరు. కథలో ఒక్క వాక్యంలో వచ్చి పోయేవాళ్లను పట్టుకుని వదిలేది కాదు. రాజకుమారుడికి దాహమైతే నీళ్లిచ్చిన కుమ్మరి ఒకడు ఉండేవాడు. నెలల తర్వాత కూడా వాడి గురించి అడిగేది.

"గా కుమ్మరాయన ఏమైండే చెల్లె? రాక్షసుడు ఊరంత కాలవెట్టె గద. బతికిండా?"

నాకెలా తెలుస్తుంది? రాసినాయనే వాణ్ని మర్చిపోయి ఉంటాడు.

మా దిక్కు కథలు చెప్పేవాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. కథ సగంలో ఆపాల్సి వస్తే, కథలోని మనిషిని ఆపదలో వదిలి ఆపకూడదు. ఎవరి అరుగు మీదికో, ఏ గుడిసెలోకో చేర్చి అప్పుడే ఆపాలి. లేకపోతే విన్నవాళ్లకు కీడు. పత్రికవాళ్లకు ఈ సంగతి తెలియదు కదా, ప్రతి నెలా సరిగ్గా పీక మీద కత్తి పెట్టి 'ఇంకా ఉంది' అని ముగించేవాళ్లు. అవ్వకు ఒళ్లు మండిపోయేది.

"పిల్లగాన్ని పాము నోట్ల వెట్టి పుస్తకం మూస్తవా పోరీ? ముందుగాల ఒడ్డుకు చేర్చు!"

అవ్వ పోరు పడలేక నేనే ఒక ముసలమ్మను పుట్టించాను. తలకు మగవాళ్లలా రుమాలు, భుజం మీద గొంగడి, చేతిలో గుర్రపు కళ్లెం. గుర్రం మాత్రం లేదు. ఎందుకు లేదో నాకూ తెలియదు, నోటికి అలా వచ్చేసింది. ఆపదలో ఉన్నవాడి దగ్గరికి వచ్చి, "లే బిడ్డా, ఒడ్డుకు పోదాం" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయేది. అంతే. అవ్వ మనసు కుదుటపడేది. మరుసటి నెల పత్రికలో రాజకుమారుడు మళ్లీ పాము నోట్లోనే ఉండేవాడు.

అన్ని పాత్రల్లోనూ అక్కకు బాగా నచ్చింది అచ్చులో లేని ఈ ముసలమ్మే. కళ్లెమవ్వ అని పేరు కూడా పెట్టింది. నాకు కాస్త చిన్నతనంగా ఉండేది. అంత గొప్ప మాంత్రికుణ్ని చదివి వినిపిస్తే, నేను తోచింది అల్లి చెప్పిన మనిషి కోసం ఎదురుచూస్తుందేమిటని. ఆమె గురించి మా ఇంట్లో వాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియదు. బయట చెప్పుకునేంత కథా కాదు.

ఆ ఏడు అక్కకు క్షయ ముదిరింది. పాలమూరు దవాఖానలో చేర్చాం. అవ్వ మంచం దిగలేదు, బాపు మగ్గం వదిలితే పూట గడవదు. అందుకని నేనే ఉన్నాను. ఎండాకాలం. అక్క గొంతు పూర్తిగా పోయింది. పెదవులు కదిలేవి, చప్పుడు వచ్చేది కాదు. పక్క మీద లేచి కూర్చోవాలన్నా ఇద్దరు పట్టాల్సి వచ్చేది. బతకదని నాకు చెప్పినవాళ్లు లేరు. అయినా తెలుస్తూనే ఉంది.

బాపు కొత్త పత్రిక తెచ్చిచ్చి ఊరికి పోయాడు. మధ్యాహ్నం చదివి వినిపించాను. ఆ నెల రాజకుమారుణ్ని పాడుబావిలో తోసి పైన బండ పెట్టారు. అక్కడితో ఆపేశారు. అక్క నా కొంగు పట్టుకుని చేత్తో సైగ చేసింది, ఒడ్డుకు చేర్చమని. నేను నోరు తెరిచేలోపల నర్సమ్మ వచ్చి, డాక్టరు వస్తున్నాడు, రోగులు తప్ప అందరూ బయటికి నడవండని తరిమింది. వార్డు తలుపు మూసి, దాని దగ్గర ఆయాను నిలబెట్టారు. నేను వరండాలో ఎండకు కళ్లు మూసుకుని కూర్చున్నాను.

మళ్లీ లోపలికి పోయేసరికి పక్క మంచం మీద కొత్త మనిషి. కాలు విరిగిన కూలిమనిషి, మరియమ్మ. నేను బయట ఉన్నప్పుడే ఇంకో వార్డు నుంచి తెచ్చారట. ఆమె ద్వారం వైపే చూస్తోంది.

"మీ ముసలమ్మ వచ్చి లేపె గద బిడ్డా. ఏడికి తీస్కపాయె గా పిల్లను?" అంది నాతో.

ఏ ముసలమ్మ అన్నాను.

"తలకు రుమాలు గట్టింది. ఇంత ఎండల గొంగడేందో అనుకున్న. చేతుల కళ్లెం గూడ ఉండె. గుర్రం లేకుంట కళ్లెమేందమ్మా? లే బిడ్డా, ఒడ్డుకు పోదాం అనె. పిల్ల దిగ్గున లేసి నడుసుకుంట పాయె."

అప్పుడు మంచం వైపు చూశాను. అక్క అక్కడే ఉంది. మరియమ్మ కూడా అప్పుడే తల తిప్పి చూసి, కెవ్వున అరిచి శిలువ గుర్తు వేసుకుంది. అక్క పోయింది. కళ్లు మూసే ఉన్నాయి. ఒళ్లింకా వెచ్చగా ఉంది.

ఆయాను అడిగాను, నర్సమ్మను అడిగాను. లోపలికి బయటివాళ్లెవరూ రాలేదన్నారు. మరియమ్మ మమ్మల్ని అంతకు ముందు చూడలేదు, మా ఊరు ఆమెకు తెలియదు. అక్క చెప్పి ఉంటుందా అంటే అక్కకు మాట లేదు. జ్వరంలో నేనే ఏమైనా కలవరించానేమో అనుకుందామన్నా, జ్వరం నాకు కాదు. ఇన్నేళ్లలో ఎన్ని రకాలుగా ఆలోచించానో. ఒక్కటీ నిలబడలేదు.

శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడు అవ్వ ఏడవలేదు. నన్ను దగ్గరికి పిలిచింది.

"కథ యాడ ఆపినవే?"

బావిలో అన్నాను. అవ్వ గోడ వైపు తిరిగి పడుకుంది. చచ్చేదాకా నన్ను ఇంకో కథ అడగలేదు.

ఆ తర్వాత కూడా నేను మాంత్రికుల కథలు చదువుతూనే ఉన్నాను. అంతకన్నా నాకేం ఉంది? అవ్వ పోయేటప్పుడు, బాపు పోయేటప్పుడు మంచం పక్కన కూర్చుని కళ్లెమవ్వను పిలిచాను. సిగ్గు లేకుండా, పైకే పిలిచాను. రాలేదు. వచ్చినా నాకు కనబడలేదేమో. జరిగింది ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు.

అదైనా ఓర్చుకోగలను. ఓర్చుకోలేనిది ఇంకొకటుంది. రాత్రి పక్క మీద వాలగానే గుండెలో పడి తొలుస్తుంది. కళ్లెమవ్వ ఒడ్డుకు తీసుకుపోతుందని ప్రతి నెలా చెప్పాను. అక్క నమ్మింది. ఆ ఒడ్డు మీద ఏముందో, తాగడానికి నీళ్లున్నాయో, పలకరించే మనిషి ఉన్నాడో లేడో, ఒక్కనాడూ చెప్పలేదు. అక్కడ ఏమీ లేదు. నేను ఏమీ పెట్టలేదు.