గుర్రాల కొట్టంలో మా నాయన గోడ

“శనివారం ఆ గోడ తీసేస్తున్నామండీ. ఒకసారి వచ్చి చూస్తారా?” అని ఇంజినీరు స్వాతి ఫోన్ చేసింది. శంషాబాద్ దాటాక ఉన్న దొరల కోటలాంటి పాత గడిని బాగుచేయిస్తున్నది ఆమే. దొరలు వదిలి వెళ్ళాక మా నాయన అక్కడ కావలి ఉన్నాడు. గుర్రాల కొట్టంలో అడ్డంగా మట్టిగోడ పెట్టి, ఒకవైపు వంట, ఒకవైపు పడక చేశాడు. నాకు పద్నాలుగేళ్ళు వచ్చేదాకా అదే మా ఇల్లు. గోడను ఉంచమని అడగాలనే బయల్దేరాను.

శనివారం పొద్దున ఏడున్నరకు మెహిదీపట్నంలో బస్సెక్కాను. ఆడవాళ్ళకు జీరో టికెట్, డబ్బులు కట్టనక్కర్లేదు. ఆరాంఘర్ దగ్గర రద్దీలో చాలాసేపు ఆగాం. పక్కనున్నామె ఎయిర్‌పోర్టులో ఊడ్చే పనికి పోతోంది.

“గడి కాడికా అక్కా? ఆడ ఏమున్నది, కూలిన గోడలేగా?” అంది.

“మా ఇల్లుండె,” అన్నాను. ఆమె లేచి నాకు కిటికీ పక్క సీటిచ్చింది.

శంషాబాద్‌లో దిగేసరికి తొమ్మిది. బండి మీద ఇడ్లీ తిని ఆటో మాట్లాడుకున్నాను. వెళ్ళాలనుకునేవారు తిరుగు ప్రయాణానికి కూడా అప్పుడే మాట్లాడుకోవాలి, అక్కడ మళ్ళీ దొరకదు. ఒకప్పుడు జొన్నచేలున్న దారంతా ఇప్పుడు గోదాములు, ప్లాట్ల హద్దురాళ్ళు.

గడి ముందు గుంతల్లో సున్నం నానుతోంది. ధాన్యపు కొట్టుకు కొత్త దూలాలు ఎక్కాయి. గుర్రాల కొట్టంలో మా గోడ ఇంకా నిలబడే ఉంది. అమ్మ పొయ్యి పొగ పైదాకా నల్లగా పాకి ఉంది. చెయ్యి ఆనిస్తే కాసేపు తీయబుద్ధి కాలేదు.

“దీన్ని ఉంచరాదా?” అని అడిగాను.

స్వాతి సున్నపు మేస్త్రీ యాదయ్య వైపు చూసింది. మా గోడ, కొట్టపు రాతి కమాను కలిసేచోట ఆయన వేలితో గీకాడు. రాళ్ళ మధ్య సున్నం తడిపిండిలా రాలింది.

“చూడక్కా, గోడల తడి కమాను కాలును తింటున్నది. గిట్లనే ఉంచితే రెండు వానలకు రెండూ పోతయి.”

ఆ కమాను కిందే మేం నలుగురం పడుకునేవాళ్ళం. “తీసెయ్యుండ్రి,” అన్నాను. పైన విమానం దిగుతోంది, వాళ్ళకు వినబడలేదు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

మధ్యాహ్నానికి గోడ మన్ను కుప్పయింది. యాదయ్య పిడికెడు తీసి నలిపాడు.

“మంచి మన్ను. మీ నాయన గడ్డి కలిపి బాగ తొక్కిచ్చిండు. పడెయ్యం, ఎడ్ల కొట్టం గోడలకు పూస్తం ఇగ.”

కూలీలు నీళ్ళు పోసి, గడ్డి చల్లారు. నేను చెప్పులు విడిచి, చీర ఎగదోపుకొని మన్ను తొక్కడానికి దిగాను. “జాగ్రత్తండీ, జారుతుంది,” అంటూనే స్వాతి కూడా దిగి నా చెయ్యి పట్టుకుంది. ఈ గోడ పెట్టినప్పుడు అమ్మ నా చెయ్యి ఇలాగే పట్టుకొని తొక్కించింది.

నాలుగు గంటల బస్సులో నిలబడే తిరిగొచ్చాను. వెళ్ళిన పని నెరవేరలేదు. అయినా ఇన్నేళ్ళలో ఆ ఊరి నుంచి ఇంత తేలిగ్గా ఎప్పుడూ తిరిగి రాలేదు. పక్కన నిలబడ్డ ముసలమ్మ నా కాళ్ళ ఎర్రమన్ను చూసి అడిగింది.

“పొలం పనికి పోయినవా బిడ్డా?”

“లేదవ్వా,” అన్నాను. “ఇంటి పనికి.”