ఐదో తల

కండక్టరుగారికి ఇరవై మూడేళ్ల సర్వీసులో అబ్బిన విద్య ఒక్కటే: తలలు లెక్కపెట్టడం. పెళ్లిళ్లలో లెక్కపెట్టేవారు, చావుల్లోనూ లెక్కపెట్టేవారు. రెండోచోట ఒకటి తీసేసేవారు.

ఈ జబ్బుకు మూలం లేకపోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మంచినీళ్లకి దిగిన ఒక ముసలావిడను చూసుకోకుండా ఆయన గంట కొట్టేశారు. ఆవిడ ఎండలో ఏడు మైళ్లు నడిచి డిపోకి వచ్చింది. తిట్టలేదు. బస్సులో ఉండిపోయిన తన సంచి అడిగి తీసుకుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే ఆయన ఎప్పుడో మరిచిపోయేవారు.

అలాంటి మనిషిని, పెళ్లాంపిల్లలతో సహా, బామ్మర్ది అడవి యాత్రకు బయల్దేరదీశాడు. అద్దె వ్యాను నడిపేది అతనే. జంతువుల మీద ఏడు పుస్తకాలు చదివినవాడు. మెడలోని బైనాక్యులర్స్ స్నానానికి కూడా తియ్యడు. మేనకోడళ్లిద్దరికీ చిరుతపులిని చూపిస్తానని మాటిచ్చాడు. ఎనిమిది వందల మైళ్లు తిరిగాక వాళ్లు చూసినవి పద్నాలుగు జింకలు, ఒక ఉడుము, అనుమానాస్పదమైన ఒక గుడ్లగూబ.

ఐదో రోజు అడవి మొదట్లో గార్డు గేటు ఎత్తాడు. అతని కుక్క మెడకు మేకులు దిగ్గొట్టిన తోలుపట్టీ ఉంది.

"దీనికీ నగలేంటయ్యా?" అంది ఇల్లాలు.

"మెడ దక్కాలి కదమ్మా."

"దేన్నుంచి?"

గార్డు పిల్లలవైపు చూసి జవాబు మింగేశాడు. "పొద్దుగూకేలోగా బండెక్కి తలుపులేసుకోండి. డేరాలో మాత్రం పడుకోకండి."

"అందరికీ అలాగే చెబుతార్లే బావా," అన్నాడు బామ్మర్ది, గేటు దాటాక.

వాగు ఒడ్డున డేరా వేశారు. చోటు బ్రహ్మాండంగా ఉంది. పిట్టల కూత తప్ప అన్నీ ఉన్నాయి.

నీరెండ వాలుతున్న వేళ, కండక్టరుగారు వ్యాను తలుపు దగ్గర నిలబడి అలవాటు చొప్పున లెక్కపెట్టారు. గులకరాళ్లు ఏరుతున్న పిల్లలిద్దరు, వాళ్లకవతల మడతకుర్చీలో ఇల్లాలు, ఆవిడకవతల ఎదుటి గట్టును గాలిస్తున్న బామ్మర్ది. నాలుగు రావాలి. ఐదు వచ్చింది.

మళ్లీ లెక్కపెట్టారు. ఐదే. ఐదోది బామ్మర్ది వెనక, ఇరవై అడుగుల దూరంలో, గడ్డిలో నేలకు ఆనుకుని ఉంది. సామాన్ల సంచి అనుకున్నారు. సంచి చెవులు కదిలించింది.

అరిస్తే పిల్లలు పరిగెడతారు. పరిగెత్తేదాన్ని చిరుత వదలదని బామ్మర్ది అయిదు రోజులుగా ఉపన్యసిస్తున్నాడు. ఆ ఏడు పుస్తకాల్లోనూ పనికొచ్చిన ముక్క అదొక్కటే. కండక్టరుగారి గొంతు దానంతటదే డ్యూటీకి లేచింది.

"బండి కదుల్తోంది! తోసుకోవద్దు, పరిగెత్తొద్దు, వరసలో రండి! చిన్నపిల్లలు ముందు!"

పిల్లలు కిసుక్కున నవ్వారు. "నాన్నకి మళ్లీ డ్యూటీ ఎక్కిందే! టిక్కెట్లు లేవు సార్!"

"లోపలిస్తాను రండి తల్లీ. నన్నే చూస్తూ రండి."

వాళ్లు ఎక్కారు. ఇల్లాలు కదల్లేదు. "సెలవులో కూడా ఈ గోలేంటండీ? ఇప్పుడే కాళ్లు చాపాను."

"దయచేసి ఎక్కు."

రోజంతా ప్రయాణికులకు పంచిపెట్టే ఆ మాటను ఆయన ఏనాడూ ఇంటికి తెచ్చినవారు కారు. ఆవిడ మొహం మారింది. లేచి వచ్చి ఎక్కింది.

"ఒరేయ్, నువ్వు కూడా."

"ఒక్క నిమిషం బావా! అవతలి పొదలో ఏదో కదిలింది. మీ కేకలకి పారిపోతుంది."

గడ్డిలో తల లేచింది. దాని కింద భుజాలు వచ్చాయి. కండక్టరుగారు దాని కళ్లలోకే చూస్తూ, తొందరపడకుండా నడిచివెళ్లి, బామ్మర్ది బెల్టు పట్టుకుని వెనక్కి నడిపించసాగారు. అతను ఏదో అనబోయి, బావ చూస్తున్నవైపు తిరిగాడు. ఆ అయిదు రోజుల్లో అతను నోరు మూసుకోవడం అదే మొదలు.

తలుపు పడింది. నాలుగు తలలు.

"పోనీరా," అన్నారు కండక్టరుగారు.

బామ్మర్ది జేబులు తడుముకున్నాడు. మళ్లీ తడుముకున్నాడు. "తాళం చొక్కాలో ఉంది బావా. చొక్కా... డేరాలో ఉంది."

చిరుత తీరిగ్గా వచ్చి, మడతకుర్చీని వాసన చూసి, తలతో గుడ్డ తోసుకుని డేరాలోకి వెళ్లింది. గుడ్డ ఒకసారి ఉబ్బింది. బయటికి మాత్రం ఏదీ రాలేదు. వాగు మీద వెలుగు సన్నగిల్లుతోంది.

వ్యాను ఎడమవైపు అద్దం దించే ఉందని అప్పుడు చూశారు. కండక్టరుగారు చప్పుడు కాకుండా పిడి తిప్పారు. అద్దం సగం దాకా వచ్చి ఇరుక్కుపోయింది. ఆయన ఇంకోసారి ప్రయత్నించలేదు. పిల్లల్ని అవతలి సీటులోకి జరిపి, ఆ సందుకు వీపు ఆనించి కూర్చున్నారు.