పట్టు దొరకని బండి

నిన్న మధ్యాహ్నం తిరుపతిలో వాన వెలిసీ వెలియకముందే, మా వీధి చివరి సిగ్నల్ దగ్గర ఎవరిదో పెద్ద కారు కదలబోయి, ఉన్నచోటనే వెనక చక్రాలు గిర్రున తిప్పుకుంటూ కీచుమంది. కాలిన రబ్బరు వాసన ముక్కుకు తగలగానే మా బావ గుర్తొచ్చి, నవ్వూ విసుగూ ఒకేసారి వచ్చాయి.

బావంటే మా అక్క మొగుడు. చిత్తూరులో మామిడి గుజ్జు వ్యాపారం. యాభై దాటాక ఆయన మనసు వేగం మీదికి పోయింది. మద్రాసులో ఎవరో వాడిన కారొకటి కొనుక్కొచ్చాడు. దానికి ఏనుగంత బలం ఉండీ, పాచి మెట్ల మీద నిలబడినట్టుండేది. కాస్త గట్టిగా తొక్కితే చాలు, వెనక చక్రాలు రోడ్డును పట్టుకోకుండా తిరిగేవి, తోక పక్కకు జారేది. "బండిలో తప్పు లేదు పాపా, ఆ టైర్లే పనికిమాలినవి" అన్నాడు. తిరుపతిలో ఉంటున్న పాపానికి దుకాణాలన్నీ తిప్పే పని నా నెత్తిన పడింది.

ఎక్కడ అడిగినా ఒకటే పాట. "ఇది తీసుకోండి సార్, ఏండ్లకేండ్లు అరగదు." బావకు ఒళ్లు మండేది. "అరగనిది నాకెందుకప్పా? రోడ్డును పట్టేది కావల్ల. మెత్తని రబ్బరు సూపించు." మెత్తనిది ఉన్నచోట కొలత దొరికేది కాదు. ఒకాయన వెడల్పు పెరిగితే పట్టూ పెరుగుతుందని నమ్మబలికి బిగించాడు. గుంత వచ్చినప్పుడల్లా అవి పైనున్న రేకుకు రాసుకుని బరబరమన్నాయి. వాటిని విప్పించి, పందేల కార్లకు వేసే రకమని ఇంకెవరో చెబితే, గాట్లు దాదాపు లేని నున్నటి టైర్లు తెప్పించాడు. ఎండలో అవి బంకలా అతుక్కున్నాయి. బావ ముఖం వెలిగిపోయింది. "వానొస్తే ఎట్ల బావా?" అన్నాను. "మన సీమలో వానా?" అని నవ్వాడు.

ఆ వాన పూతలపట్టు దగ్గర వచ్చింది. చిత్తూరు నుంచి తిరుపతికి వస్తున్నాం, ముందు అక్క, వెనక నేను. నీళ్లు పోవడానికి టైర్లలో గాట్లు లేవు. కారు నీటి మీద తేలి, గిర్రున తిరిగి, మళ్లీ చిత్తూరు వైపే ముఖం పెట్టి ఆగింది. ఎదురుగా లారీ లేకపోవడం మా అదృష్టం. అక్క దిగి, తడుస్తూ రోడ్డు పక్కన నిలబడింది. "నువ్వు టైర్లు ఎతుక్కుంటా ఉండు. నేను బస్సులో పోతా" అంది. నేనూ దిగాను. బావ మాత్రం స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

అప్పటినుంచి ఎండకూ వానకూ ఆగే టైర్ల కోసం వేట. మెత్తటి రబ్బరు, లోతైన గాట్లు, బండికి రాసిపెట్టిన కొలత, మూడూ కలవాలి. ఒకసారి ముందువి వచ్చి వెనకవి రాలేదు. ఇంకోసారి కొలతే తప్పింది. ఫోనులో ఆయన అరుపులకు ఇంట్లో పిల్లి గోడ దూకేది. ఎట్టకేలకు సరైనవి వచ్చాక, చినుకుల్లోనే ఖాళీ రోడ్డు మీద తొక్కి చూశాడు. కారు నేలను కరుచుకుని దూకింది, తోక కదల్లేదు.

కానీ అక్క ఎక్కితేగా! బతిమాలగా బతిమాలగా కాణిపాకం దాకా వస్తానంది, ఆటోలు తమను దాటిపోయేటంత నిదానంగా నడపాలన్న షరతు మీద. ఆటోలు దాటాయి, ఒకదాని వెనక ఒకటి. "ఇన్ని తిప్పలు పడింది ఇందుకేనా మే?" అని బావ గొణిగితే, "ఆ, ఇందుకే" అంది అక్క. తర్వాత ఒంటరిగా వెళ్లినా, రోడ్డు పక్కన తడిసిన అక్కే గుర్తొచ్చి, గట్టిగా తొక్కడానికి ఆయనకు కాలు రాలేదు. కారు ఎక్కువగా షెడ్డులోనే ఉండిపోయింది.

మొన్న చూస్తే టైర్ల గాట్లు కొత్తవాటిలాగే ఉన్నాయి. గోరు గుచ్చితే మాత్రం రబ్బరులోకి దిగలేదు. "ఊరికే ఉండి ఉండి బిగుసుకపోయినాయి పాపా, మార్చల్ల. మళ్లా యాడని ఎతకాల?" అని బావ తల పట్టుకున్నాడు. తిరిగినవే అరుగుతాయనుకున్నాం ఇన్నాళ్లూ. కాలం, కదలకుండా కూర్చున్నవాటినీ వదలదు.