పోలమ్మ ఎత్తుకున్న పాప

రోజంతా ఆఫీసులో కంప్యూటర్ చూసి, ఇంటికొచ్చి మళ్ళీ కంప్యూటరే చూసే బతుకు నాది. ఈ రోజు ఆదివారమైనా పొద్దున్నే దాని ముందే కూర్చున్నాను. చేపల పోలమ్మ వచ్చి గుమ్మంలో గంప దించింది. చేపలు కోస్తూ కాలనీ కబుర్లు చెప్పడం ఆవిడకు అలవాటు.

“టీచరమ్మగారి కూతురికి ఆడపిల్ల పుట్టిందమ్మా!”

“తెలుసు పోలమ్మా. నెట్‌లో ఫొటో చూశాను. ముద్దుగా ఉందని రాశాను కూడా.”

కత్తిపీట మీద ఆవిడ చెయ్యి ఆగింది. “రాసేరా? మరి పిల్లని ఎత్తుకున్నారేటి?”

“ఇంకా లేదు.”

“నాను ఎత్తుకున్నాను. పాలు పడతాయని బాలింతకి పాలసొర చేప ఇచ్చి ఇలాగొత్తన్నాను.”

టీచరమ్మగారిది మా వీధిలోనే, నాలుగో ఇల్లు. పాప పుట్టి అయిదు రోజులైంది. మధ్యాహ్నం వెళ్దామనుకుని నిద్రపోయాను. సాయంత్రం, ముందు ఇది నెట్‌లో రాసేసి వెళ్దామని కూర్చున్నాను. ఈలోగా వీధి దీపాలు వెలిగాయి. చీకటి పడ్డాక చంటిపిల్లని చూడ్డానికి వెళ్ళకూడదంటారు.

ఇది చదివి కింద “అయ్యో” అని రాయబోయేవాళ్ళు ఒక్క మాట చెప్పండి. మీ వీధిలో పసిపిల్లని ఎత్తుకుని ఎన్నాళ్ళైంది?