షమీమ్ సమాధికి మట్టిపూత

తందూరు ముందు కూర్చుంటే బషీరా నోరు విప్పదు. మాట్లాడే పని చుట్టూ చేరిన ఆడవాళ్ళది. ఢోక్ మీరన్ బస్తీలో సగం ఇళ్ళవాళ్ళు పిండి కలిపి పళ్ళేల్లో పెట్టుకుని మధ్యాహ్నానికి ఆమె దగ్గరికే వస్తారు. ఆమె ముద్దలు చేసి, అరచేతుల మధ్య చరిచి, తందూరు గోడకు అంటించి, కాలాక ఇనుప కడ్డీతో లాగి ఇస్తుంది. కూలి కింద ఎవరి పిండిలోంచి వాళ్ళు ఓ ముద్ద వదిలి వెళ్తారు. అత్తల మీద, కోడళ్ళ మీద, కరెంటు మీద, ప్రభుత్వం మీద ఉన్న ఫిర్యాదులన్నీ ఆ మంట దగ్గరే తీరతాయి. తీరతాయంటే చెప్పుకోవడం తీరుతుంది, అంతే.

బషీరా మొదటినుంచీ ఇలా మూగనోము పట్టిన మనిషి కాదు. కూతురు షమీమ్ కామెర్లతో పోయిన దగ్గర్నుంచి మాట తగ్గింది. పిల్లకు అప్పటికే నిఖా మాట నడుస్తోంది. బట్టలు కూడా కుట్టించారు. ఆ బట్టలు ఎవరికిచ్చిందో బషీరా ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

పిల్లను బస్తీ ఉత్తరాన ఉన్న పాత శ్మశానంలో పెట్టారు. మట్టి సమాధి. మొహర్రం నెల మొదటి పది రోజుల్లో ఆ ఊళ్ళవాళ్ళు సమాధులకు మట్టి పూస్తారు. బంకమట్టిలో గడ్డితరుగు కలిపి కాళ్ళతో తొక్కి, తట్టల్లో మోసుకెళ్ళి, చేత్తో నున్నగా మెత్తి, నీళ్ళు చల్లి, పైన ఎర్రపప్పు గింజలు జల్లుతారు. పిట్టలు తింటే ఆ పుణ్యం పోయినవాళ్ళది. సిమెంటు సమాధి కట్టించుకోగల వాళ్ళకు ఈ బెంగ ఉండదు. మట్టిదానికి ఒక ఏడు పూత తప్పితే వాన కరిగిస్తుంది. ఇంకా తప్పితే నేలలో కలిపేస్తుంది. పైన పేరు రాసిన రాయి కూడా లేనప్పుడు, ఆ తర్వాత ఎవరు ఎక్కడున్నారో దేవుడికే తెలియాలి.

శ్మశానానికి ఆనుకుని సైన్యం ఉండే కంటోన్మెంటు. మనుషులకు వయసు వచ్చినట్టు దానికి ఏటా కొంత నేల వస్తుంది. ఒక ఏడు శ్మశానం కూడా దాని లోపలికి పోయింది. గోడ లేచింది, గేటు వచ్చింది, గేటుకు తాళం పడింది. భద్రత కోసం అన్నారు. చచ్చినవాళ్ళ నుంచి ఎవరికి భద్రత అని బషీరా తోటికోడలు ఖుర్షీద్ అడిగింది. కాపలా సిపాయి నవ్వి, తనకూ అదే అనుమానమన్నాడు, కానీ తాళం తియ్యలేదు.

సరిగ్గా అప్పుడే ఎన్నికలు వచ్చాయి, తైమూర్ దురానీ వచ్చాడు. అతను ఏళ్ళ తరబడి టీవీ సీరియల్లో నిజాయితీపరుడైన పోలీసు ఇన్‌స్పెక్టరుగా వేసినవాడు. జమీందార్ల చెంపలు వాయించాడు, మంత్రులకు బేడీలు వేశాడు. రాత్రి చెప్పిన పని తెల్లారేసరికి చేసేవాడు. ఆ ఊరి జనం చేసిన పొరపాటల్లా ఒక్కటే, అతని చేతిలో ఉన్న లాఠీ కథ రాసినవాడు ఇచ్చినదని మరిచిపోవడం. మనం మాత్రం మరిచిపోలేదా ఏమిటి.

ఓట్ల కోసం బస్తీకి వచ్చినప్పుడు అతను నేరుగా తందూరు దగ్గరికే వచ్చి, కెమెరాల ముందు కింద కూర్చుని వేడి రొట్టె పచ్చిమిరపకాయతో తిన్నాడు. ఆడవాళ్ళు చున్నీలు సర్దుకుని చూశారు.

"ఏం కావాలో చెప్పండి అమ్మాజీ," అన్నాడు.

మాట్లాడని బషీరా మాట్లాడింది. "నాకేం వద్దు బాబూ. ఆ గేటు తెరిపించు చాలు. మొహర్రంలో మా పిల్లకు మట్టి పూసుకుని వచ్చేస్తాం."

"గేటెందుకు, ఆ గోడే లేకుండా చేస్తాను."

చప్పట్లు మోగాయి. అతను వెళ్ళాక ఖుర్షీద్ నోరు ఊరుకోలేదు. "అక్కా, నువ్వు గేటడిగితే గోడ పడగొడతానన్నాడు. అడిగినదానికన్నా ఎక్కువ ఇస్తానన్నవాణ్ణి నేను నమ్మను."

"నీకు ఎవరిమీదా నమ్మకం లేదు కదే."

"ఉంది. మా ఆయన ఇంటికి ఆలస్యంగా వస్తాడని నమ్ముతాను."

అందరూ ఓట్లు వేశారు, ఖుర్షీద్ కూడా వేసింది. తైమూర్ గెలిచి ప్రధానమంత్రి అయ్యాడు. ఆ రోజు బస్తీలో మిఠాయి పంచారు. మొహర్రం వచ్చింది. బషీరా మట్టి తొక్కి తట్టకెత్తుకుని గేటు దాకా వెళ్ళింది. సిపాయి ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, పైనుంచి ఏ కబురూ రాలేదని చెప్పి పంపేశాడు. ఆ ఏడు వానలు దంచికొట్టాయి. పైకప్పు మీద చప్పుడు వింటూ ఆమె కూర్చునే ఉండేది. సగం కరిగి ఉంటుంది, సగమైనా మిగిలి ఉంటుంది అనుకునేది.

మరుసటి మొహర్రం దగ్గరపడుతుంటే ఇక ఆగలేక, ఖుర్షీద్‌ను తోడు తీసుకుని రాజధాని బస్సెక్కింది. ప్రధానమంత్రి జనం గోడు వినే రోజది. ఖుర్షీద్‌ను బయటే ఆపేశారు. బషీరా వంతు వచ్చేసరికి ఎండ తిరిగింది. అతను ఆమెను చూడగానే గుర్తుపట్టాడు. అందులో నటన లేదు.

"తందూరు అమ్మాజీ కదూ. ఆ గేటు ఇంకా తెరవలేదా?"

పక్కనున్న సెక్రటరీ వంగి చెవిలో ఏదో చెప్పాడు. తైమూర్ ముఖం ఎర్రబడింది. "నేను ప్రధానమంత్రిని. కంటోన్మెంటు పెద్దకు ఫోన్ కలపండి," అన్నాడు.

ఫోను కలిసింది. అవతల ఎవరో ఉండమన్నట్టున్నారు. దేశమేలే మనిషి రిసీవరు చెవికి ఆనించుకుని గోడవైపు చూస్తూ ఉండిపోయాడు. బషీరా నిలబడి ఉండిపోయింది. చాలాసేపటికి అవతల గొంతు పలికింది. వెంటనే అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"జీ సర్. లేదు సర్, చిన్న విషయమే. ఒక పెద్దావిడ... కూతురి సమాధి... జీ. నాకు అర్థమైంది సర్. తప్పకుండా."

ఫోను పెట్టేసి కూర్చుని నీళ్ళు తాగాడు. "పని మొదలైందమ్మాజీ. కొంచెం టైం పడుతుంది," అన్నాడు ఆమె కళ్ళలోకి చూడకుండా.

ఆమెకు కోపం వచ్చి ఉంటే బాగుండేది. రాలేదు. ఎవరో తల్లి కన్న బిడ్డ పదిమంది ముందు అలా లేచి నిలబడ్డాడే అని జాలి వేసింది. కూతురి కోసం అడగడానికి వెళ్ళిన మనిషి, మరొకరి కొడుకు కోసం నొచ్చుకుంటూ బయటికి వచ్చింది. కుర్చీ ఒకరి దగ్గర, తాళంచెవి మరొకరి దగ్గర ఉన్న దేశంలో మంచివాణ్ణి కుర్చీ ఎక్కించి మాత్రం ఏం లాభం? ఆ మాట నేనంటున్నాను. బషీరా అనలేదు.

"ఏమన్నాడక్కా?" అంది ఖుర్షీద్ బస్సులో.

"టైం పడుతుందన్నాడు."

"టీవీలోనైతే మధ్యలో సబ్బు ప్రకటన వచ్చిపోయేలోపు అయిపోయేది."

అతను లేచి నిలబడ్డ సంగతి బషీరా ఆమెకు చెప్పలేదు. ఆ తర్వాత కూడా ఎవరికీ చెప్పలేదు.

ఆ మొహర్రానికీ గేటు తెరవలేదు. ఆ పైన వానలు, చలి, మళ్ళీ వానలు. ఒక రోజు తైమూర్ వెంట ఉన్నవాళ్ళంతా ఎవరో ఈల వేసినట్టు అవతలి పార్టీలోకి దూకారు. అతను దిగిపోయాడు. కొన్నాళ్ళకు ఏదో కేసులో జైలుకు కూడా వెళ్ళాడు. ముందురోజు దాకా అతని ఫోటో పెట్టుకున్న చికెన్ దుకాణంవాడు దాన్ని తిరగేసి వెనకవైపు ధరలు రాసుకున్నాడు.

తందూరు దగ్గర ఆ రోజంతా అదే గోల.

"నటుడికి రాజ్యం ఏలడం ఏం తెలుసమ్మా. మేకప్ వేసుకున్నంత సులువా?"

"తెలిసినవాళ్ళు ఏలి ఏం వొరగబెట్టారే? మీ ఇంట్లో కరెంటుందా?"

"ఆయన ఫోనైతే చేశాడు," అంది బషీరా, రొట్టె లాగుతూ. ఆడవాళ్ళు ఆమెవైపు చూశారు. ఆమె మరో ముద్ద అందుకుంది.

మళ్ళీ మొహర్రం వచ్చింది. ఈసారి ఖుర్షీద్ వద్దంది. "మోకాళ్ళు నీవేనా అక్కా, ఎవరివైనా తెచ్చుకున్నావా? వాళ్ళు తియ్యరు." అంటూనే తట్టకు రెండోవైపు చెయ్యి వేసింది.

గేటు దగ్గర సిపాయి ఎప్పటిలాగే మంచినీళ్ళ చెంబు అందుకుంటుంటే జీపు ఒకటి వచ్చి ఆగింది. కొత్తగా బదిలీ అయి వచ్చిన మేజరు, చిన్న వయసువాడు. మట్టి తట్ట చూసి ఏమిటని అడిగాడు. సిపాయి చెప్పాడు.

"మట్టి పూయడానికా? మా అమ్మ కూడా ఊళ్ళో ఇవాళ ఇదే పనిలో ఉంటుంది. తియ్యి," అన్నాడు.

తాళం తీశారు. అంతే. గోరంత మాట. బషీరాను ఖుర్షీద్ లోపలికి నెట్టవలసి వచ్చింది.

లోపల సిమెంటు సమాధులు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. మిగిలిందంతా చదును. నడుము దాకా గడ్డి పెరిగి, వానకు నేలంతా ఒకటైపోయింది. గుర్తనుకున్న రేగుచెట్టును ఎప్పుడో కొట్టేశారు. బషీరా అటు నడిచింది, ఇటు నడిచింది, వంగి గడ్డి తప్పించి అరచేత్తో నేల తడిమింది.

"ఇక్కడేనేమో అక్కా," అంది ఖుర్షీద్. కాసేపయ్యాక, "కాదు, ఇంకా ఇవతల," అంది. ఆ తర్వాత తనూ వంగి గడ్డి తప్పించసాగింది.

బషీరా ఒకచోట కూలబడి ఏడ్చింది. షమీమ్ పోయిన నాడు ఏడ్చినట్టే ఏడ్చింది. తర్వాత లేచి, ఆ కూలబడిన చోటే గడ్డి పీకి, మట్టి పోసి, మనిషంత పొడవున దిమ్మ చేసి, చేత్తో నున్నగా మెత్తింది. నీళ్ళు చల్లి గింజలు జల్లింది.

బయటికి వస్తుంటే మేజరు ఇంకా అక్కడే ఉన్నాడు. సిపాయి అతనికి పాత కథంతా చెప్పినట్టున్నాడు.

"ఇంత చిన్న పనికి రాజధాని దాకా వెళ్ళారట కదమ్మాజీ. ముందే మా దగ్గరికి రావలసింది."

"మీరు ఓటడగడానికి రాలేదు కదా బాబూ," అంది బషీరా. "వచ్చినవాణ్ణే అడిగాను."

అతను నవ్వాడు. చెడ్డవాడు కాదు. "వచ్చే ఏడు కూడా రండి. నేను చెప్పి ఉంచుతాను. మీ అమ్మాయికి ఏ ఏడూ పూత తప్పదు."

బషీరా తల ఊపింది. తాను ఎవరి బిడ్డకు మట్టి పూసి వచ్చిందో తనకే తెలియదని అతనికి చెప్పలేదు.