మస్తాన్ గారి బిర్యానీ, మా నొప్పుల డాక్టర్లు

ఆదివారం నుంచి బందర్లో తలెత్తుకుని తిరగలేకపోతున్నానంటే నమ్మండి! నవ్వనంటేనే చెప్తాను. ముందు ఆ టీ తాగెయ్యండి, మధ్యలో పొలమారితే నా పూచీ లేదు.

నేను మత్తు డాక్టర్ని కదా. మా ఆసుపత్రిలో నొప్పులకి విడిగా ఓ క్లినిక్ పెట్టించాలని ఎప్పట్నుంచో నా గోల. దానికి గుంటూరు ప్రొఫెసర్ గారు సరే అనాలి. ఆయన్ని రప్పించడానికే ఆదివారం మా ఇంట్లో ఈ డిన్నర్ మీటింగ్. నొప్పులు చూసే డాక్టర్లందర్నీ పిలిచాను. ఇంగ్లీషులో ఇన్విటేషన్లు, టైలు, తెల్ల టేబుల్ క్లాత్‌లు, స్లైడ్ ప్రొజెక్టరు... ఒకటే హడావిడి! ట్రంక్ కాల్ చేస్తే ఆయన "చూద్దాంలేమ్మా" అన్నారు. "మస్తాన్ గారి బిర్యానీ సార్!" అన్నాను. "ఎన్నింటికి రమ్మంటావు?" అన్నారు.

మస్తాన్ గారంటే తెలుసుగా, బందరు పెళ్ళిళ్ళ బిర్యానీ అంతా ఆయన చేతిదే. పైగా నా పేషంటు. మోకాళ్ళ నొప్పులు. మందులతో పాటు పథ్యం కూడా చెప్పాను, పుస్తకంలోవి కొన్ని, మా అమ్మమ్మవి కొన్ని. "మాంసం, రొయ్యలు, గోంగూర, వంకాయ, ఊరగాయ అన్నీ బంద్! బీరకాయ, పొట్లకాయ, పెసరకట్టు తినండి" అని కళ్ళెర్రజేశాను కూడా.

వంట పురమాయిస్తూ ఏమన్నానో తెలుసా? "వచ్చేవాళ్ళంతా నాకంటే పెద్ద నొప్పుల డాక్టర్లండీ. మీకు నేను చెప్పేదేముంది? నా పరువు మీ చేతిలో ఉంది."

"నిశ్చింతగా ఉండండి డాక్టరమ్మగారూ. మీకు మాట రానివ్వను" అన్నాడాయన.

మస్తాన్ గారికి బిర్యానీ వండమని ఎవరైనా విడిగా చెప్తారా, మీరే చెప్పండి!

ప్రొఫెసర్ గారు బిర్యానీ మీద ధ్యాసతో ఉపన్యాసం సగంలో ముగించేశారు. అందరూ టైలు సర్దుకుని కూర్చున్నారు. మూతలు తీశారు.

పొట్లకాయ కూర. బీరకాయ కూర. పెసరకట్టు. పల్చటి మజ్జిగ.

గుడివాడ డాక్టరు గారైతే ఫోర్కుతో బీరకాయ ముక్కలు ఎత్తెత్తి చూశారు, కింద రొయ్యలేమైనా ఉన్నాయేమోనని! ప్రొఫెసర్ గారు నా వైపు చూసిన చూపుకి నా క్లినిక్ కృష్ణలో కలిసిపోయిందనుకున్నాను. ఏడుపొక్కటే తక్కువ. పెరట్లోకి పరిగెత్తాను.

"ఇదేంటండీ మస్తాన్ గారూ!"

"మరి నొప్పుల డాక్టర్లు కదమ్మా! మీరు నాకు వద్దన్నవే వాళ్ళ ముందు పెడితే, 'ఇదేనా నువ్వు చెప్పే పథ్యం' అని మిమ్మల్ని తిట్టరూ?"

అప్పుడు చూశాను ఆయన చేతిలో కంచం. మటన్ బిర్యానీ! పక్కన గోంగూర!

"ఇదో?"

"ఇది... మా పనివాళ్ళకి వండుకున్నదమ్మా."

"మరి మీ మోకాళ్ళు?"

"మీ మందు భలే పనిచేస్తోందమ్మా!"

అంతలో వెనకనించి ప్రొఫెసర్ గారి గొంతు. వాసన పట్టుకుని వచ్చేసినట్టున్నారు. "ఆ డేగిసాలో ఇంకా ఉందా బాబూ?"

ఆ తర్వాత చూడాలి! పెద్దపెద్ద డాక్టర్లంతా టైలు భుజం మీదికి తోసుకుని, పొయ్యిల పక్కన చాపల మీద కూర్చుని, చేత్తో కుమ్మేశారు. పనివాళ్ళకి పొట్లకాయే మిగిలింది, వాళ్ళ మొహం చూడలేకపోయాను.

చెయ్యి కడుక్కుంటూ ప్రొఫెసర్ గారు అన్నారు: "ఇన్నేళ్ళుగా పేషంట్లకి ఈ పథ్యమే చెప్తున్నానమ్మా. నోట్లో పెట్టుకోవడం ఇవాళే. ఎంతమంది ఉసురు పోసుకున్నానో! నీ క్లినిక్‌కి సరేనని నేను రాస్తాను. ఒకటే షరతు. మందు నువ్వివ్వు, పథ్యం మస్తాన్ గార్ని చెప్పనీ."

హమ్మయ్య, జోకుతో పోయిందనుకున్నాను. పోతుందా? సోమవారం పొద్దున్నే మొదటి పేషంటుకి మందు రాసిచ్చాను. కదలడే!

"ఇంకేంటయ్యా?"

"పథ్యం సంగతి మస్తాన్ గార్ని అడగాలటగా అమ్మా... ఇవాళ ఆయన వంట ఎవరింట్లోనండీ?"