అత్తయ్య పెద్దమనిషి అయిన వేళ

ఇప్పుడు అద్దాల మేడలు తప్ప ఆకాశం కనపడని మాదాపూర్‌లో, ఆ రోజుల్లో ఆకాశమే ఎక్కువగా ఉండేది. ఆకాశం, బండరాళ్ళు, ఆ రాళ్ళ మధ్య పైకి లేస్తున్న ఓ గుండ్రటి భవనం, దాన్ని చూడడానికి ఆదివారాలు పిల్లాపాపలతో వచ్చే జనం. ఊరంతటికీ ఒక్కసారిగా కుర్రతనం వచ్చిపడినట్టుండేది. పేపరు తిప్పినా, టీవీ పెట్టినా కంప్యూటరు ముందు నవ్వుతూ కూర్చున్న పాతికేళ్ళ వాళ్ళే. ఫ్లాట్లు కొనేది వాళ్ళే, సబ్బు రుద్దుకునేది వాళ్ళే, ఆఖరికి టీ తాగేది కూడా వాళ్ళే. అరవై దాటినవాళ్ళు ప్రకటనల్లోకి రావాలంటే రెండే దారులు: మోకాలు పట్టుకుని మూలగాలి, లేదా గోడమీద దండ వేసిన ఫోటోలో ఉండాలి. ఇదేదో బయట నిలబడి చూసి చెబుతున్న మాట కాదు. ఆ ప్రకటనలు రాయడమే నా ఉద్యోగం.

ఉద్యోగం అన్నానేగానీ, ఇంకా ప్రొబేషనే. కొండాపూర్ దారిలో ఓ టైర్ల షాపు మీద, రెండు గదుల్లో నడిచే యాడ్ ఏజెన్సీలో తెలుగు కాపీరైటర్ని. తెనాలి నుంచి పంపేటప్పుడు నాన్న ఒక షరతు పెట్టారు. ఆర్నెల్లలో పర్మనెంటు కాకపోతే నోరు మూసుకుని వెనక్కి వచ్చి బీఈడీలో చేరాలి. బీఈడీ మంచి చదువే. కానీ నాకు పిల్లలంటే భయం, అందులోనూ ఎనిమిదో తరగతి పిల్లలంటే చచ్చేంత భయం. (వాళ్ళు టీచరు పైట పిన్నీసు దగ్గర్నుంచి ఉచ్చారణ దాకా అన్నీ గమనిస్తారు. నేనూ ఒకప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్నదాన్నే కదా!) అందుకని ఆ ఆర్నెల్లూ మా బాసు ఏమంటే దానికి తలాడించాను. ఆయన కాన్వెంట్లలో చదువుకున్న హైదరాబాదీ. ఇంగ్లీషు ధారాళంగా వచ్చు, హిందీ బాగా వచ్చు, తెలుగు మాత్రం ఇంట్లో పనివాళ్ళతో మాట్లాడేంత వచ్చు. నేను ఏం రాసినా "హ్యూమన్ టచ్ లేదు" అనేవాడు. అందుకే ఆయనకు చాటుగా టచ్ సార్ అని పేరు పెట్టుకున్నాను.

నేను ఉండేది మదీనాగూడలో, మా మేనత్త ఇంట్లో. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో జీవితమంతా ట్రంకాల్స్ కలిపి రిటైరైన మనిషి కాబట్టి, పక్కగదిలో ఉన్న నాతో కూడా విజయవాడలో ఉన్నానన్నంత గట్టిగా మాట్లాడేది. చుట్టాలందరికీ ఆమె ట్రంకాల్ అత్తయ్య. అరవై రెండేళ్ళు. మోపెడ్ నడిపేది, చలువ కళ్ళద్దాలు పెట్టుకునేది, బజార్లోకి కొత్త వస్తువు ఏదొచ్చినా ముందు వెళ్ళి చూసొచ్చేది. ఆ మోపెడ్ కొనడానికి వెళ్ళినరోజు షోరూము కుర్రాడు "ఎవరికమ్మా, మనవడికా?" అని అడిగాడట. ఆ కథ ఇంటికి ఎవరొచ్చినా చెప్పేది. "నడిపి చూపించానే! షోరూము చుట్టూ మూడుసార్లు! అప్పటికీ వాడు బిల్లు మీద ఎవరి పేరు రాయమంటారూ అంటాడు!"

ఇలా ఉండగా మా ఏజెన్సీకి ఓ బేరం తగిలింది. శేరిలింగంపల్లిలో గోదాము ఉన్న ఒక వ్యాపారి, ముసలివాళ్ళు పాలల్లో కలుపుకుని తాగే బలం పొడి తయారుచేశాడు. రాగులు, మినుములు, నువ్వులు, బెల్లం అన్నీ వేయించి కొట్టిన పొడి. డబ్బా మీద సూర్యుడి బొమ్మ. ఆయనకూ అరవై అయిదు దాటి ఉంటాయి. తెల్లటి చొక్కా, తెల్లటి ప్యాంటు, చకచకా మెట్లెక్కి వచ్చేవాడు. ఆయన్ని మేమంతా డబ్బా పెద్దాయన అనేవాళ్ళం. "జర మంచిగ రాయుండ్రి బిడ్డా, బొంబాయి రోడ్డు మీద పెద్ద బోర్డు పెడ్దాం" అని చెప్పి వెళ్ళాడు. టచ్ సార్ నన్ను గదిలోకి పిలిచి, "ఈ అకౌంట్ నీ టెస్ట్. ఇది హిట్ అయితే నువ్వు పర్మనెంట్" అన్నాడు. ఫట్ అయితే ఏమిటన్నది ఆయన చెప్పలేదు. నా కళ్ళ ముందు మాత్రం ఎనిమిదో తరగతి బి సెక్షను కదలాడింది.

ముసలివాళ్ళు సొంతంగా ఏదీ కొనరు, పిల్లలే వాళ్ళకి కొనిపెడతారు అన్నది టచ్ సార్ సిద్ధాంతం. అందుకని ప్రకటన కొడుకులతో, కూతుళ్ళతో మాట్లాడాలట. నేను కష్టపడి "అమ్మ పెద్దది అయింది. ఇక ఆమె బలం మన బాధ్యత" అని రాశాను. ఆయన రెండుసార్లు చదివించుకున్నాడు. "పెద్దది అంటే సైజ్‌లాగా ఉంది. రెస్పెక్ట్ లేదు, హ్యూమన్ టచ్ లేదు. అందులో ఒక మనిషిని పెట్టు" అన్నాడు. ఎక్కడ పెట్టాలి సార్ అన్నాను. ఆయన నా చేతే 'పెద్దది'లో 'ది' కొట్టేయించి అక్కడ 'మనిషి' అని రాయించాడు. "పెద్దమనిషి అంటే జెంటిల్మన్ కదా? సో, రెస్పెక్ట్!" అన్నాడు. నాకు అప్పుడు బుర్ర పనిచేయాల్సింది. కానీ ఆ రోజుల్లో కంప్యూటర్లో తెలుగు కొడితే వత్తులు ఎగిరిపోయేవి. అంతకుముందు పోస్టరులో 'పెద్ద సేల్' కాస్తా 'పెద సేల్' అయి తిట్లు తిన్నాను. దాంతో ఈసారి ద కింద వత్తు ఉందా లేదా అని మాత్రమే చూశాను. వత్తు దివ్యంగా ఉంది.

ఇక బొమ్మకి ఒక ముసలావిడ కావాల్సి వచ్చింది. మోడళ్ళని పిలిచే స్తోమత మాకు లేదు కనుక అత్తయ్యని అడిగాను. ఆమె సంబరం చెప్పనలవి కాదు. పార్లరుకి వెళ్ళి జుట్టుకి రంగు వేయించుకుంది. చిలకపచ్చ వెంకటగిరి చీర, చేతికి గడియారం, చలువ కళ్ళద్దాలతో మోపెడ్ మీద దిగింది. టచ్ సార్ ఆమెను చూసి నీరుగారిపోయాడు. "మేడమ్, మీరు చాలా హెల్దీగా ఉన్నారు" అన్నాడు బాధగా. పదిమంది మీద పడి అత్తయ్యని ముసలిదాన్ని చేయడం మొదలుపెట్టారు. రంగేసిన జుట్టు మీద టాల్కం పౌడరు చల్లారు, మండే ఎండాకాలంలో శాలువా కప్పారు, వాచ్‌మన్ దగ్గర కర్ర తెచ్చి చేతికిచ్చారు. ఆఖర్న టచ్ సార్ "కొంచెం దగ్గుతున్నట్టు ఎక్స్‌ప్రెషన్ ఇవ్వండి మేడమ్" అన్నాడు.

"నాకు దగ్గు లేదు బాబూ, రమ్మంటే వస్తుందా?"

"సీనియర్స్ అలా ఉంటారు కదా మేడమ్."

"నాకు అరవై రెండు. నీకు ముప్ఫై ఉంటాయేమో. ముసలితనం సంగతి నాకు తెలుస్తుందా, నీకు తెలుస్తుందా?" అంది అత్తయ్య ట్రంకాల్ గొంతుతో. కింద టైర్ల షాపువాళ్ళు కూడా పైకి చూశారు. నేను ఆమె పక్కకి చేరి "అత్తయ్యా, బీఈడీ" అని గొణిగాను. నా మొహం చూసి జాలిపడి దగ్గింది. పాపం, బాగానే దగ్గింది.

బోర్డు మదీనాగూడ దాటాక హైవే పక్కన లేచింది. ఆ సాయంత్రం అత్తయ్య తనతో వాకింగు చేసే ఆడవాళ్ళందర్నీ వెంటేసుకుని చూపించడానికి బయల్దేరింది, నేనూ వెళ్ళాను. రెండంతస్తుల ఎత్తున అత్తయ్య. శాలువా, కర్ర, పౌడరు జుట్టు. పక్కన లారీలోంచి చదువుకోగలిగినంత పెద్ద అక్షరాలు: 'అమ్మ పెద్దమనిషి అయింది! ఇక ఆమె బలం మన బాధ్యత.' ఆ మాటకున్న రెండో అర్థం నాకప్పటికి తట్టింది. అప్పుడు మా బిల్డింగులో రెండో అంతస్తు వదినగారు నెమ్మదిగా అడిగింది, "మరి మాకు చెప్పనేలేదేమండీ? పేరంటం ఎప్పుడు?" ఇంకేముంది, హైవే పక్కన, లారీల మోతలో, అంతమంది నడివయసు ఆడవాళ్ళు ఒకళ్ళమీద ఒకళ్ళు పడి నవ్వడం నేను మళ్ళీ ఎన్నడూ చూడలేదు. అందరికంటే ఎక్కువ నవ్వింది అత్తయ్యే. "అరవై రెండేళ్ళకి అయ్యానే! మా అమ్మ ఉంటే ఎంత సంతోషించేదో!" అంది కళ్ళు తుడుచుకుంటూ. మర్నాడు నిజంగానే ఆమెను పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి తినిపించి, హారతిచ్చారు. నేను మాత్రం మనసులో తెనాలి బస్సెక్కేశాను.

ఆఫీసుకి వెళితే ఫోను ఆగకుండా మోగుతోంది. (పెద్దాయన గోదాముకి అప్పటికింకా ఫోను రాలేదు, అందుకని బోర్డు అడుగున మా నంబరే వేశాం.) తిట్లకి సిద్ధపడి ఎత్తాను. అవతల ఒక తల్లి. "అమ్మా, మా పాప మొన్ననే పెద్దమనిషైంది. మీ పొడి ఎక్కడ దొరుకుతది? నువ్వులు, బెల్లం ఉన్నయంట కదా?" ఆ తర్వాత ఇంకో తల్లి, ఆ తర్వాత ఒక మేనత్త. ఈ వయసు పిల్లకి పెట్టాల్సిన సరుకంతా ఆ డబ్బాలో ఉందని మాకు తట్టలేదు, వాళ్ళకి తట్టింది. జనం ఎందుకు ఫోన్లు చేస్తున్నారో టచ్ సార్‌కి చెప్పాల్సిన ఖర్మ నాది.

"సార్, ఆ మాటకి ఇంకో అర్థం ఉంది. అమ్మాయిలకి… ఒక వయసులో… ఫంక్షన్ చేస్తారు కదా…"

"బర్త్‌డే?"

"కాదు సార్."

"ఎంగేజ్‌మెంట్?"

"అంతకంటే చాలా ముందు సార్," అని గోడకేసి చూస్తూ "లంగా ఓణీ" అన్నాను. ఆయన మొహంలో రంగులు మారాయి. వెళ్ళి ఒక గ్లాసు నీళ్ళు తాగొచ్చాడు. "మనిషి వద్దనాల్సింది కదా నువ్వు" అన్నాడు.

నాలుగు రోజులకి డబ్బా పెద్దాయన చకచకా మెట్లెక్కి వచ్చాడు. ఇద్దరం లేచి నిలబడ్డాం. "ఏంది బిడ్డా, గీ తెలివి ఎవలది?" అన్నాడు. టచ్ సార్ ఏమాత్రం తడుముకోకుండా నన్ను చూపించాడు. (అందులో మాత్రం హ్యూమన్ టచ్ పుష్కలంగా ఉంది.) నేను నోరు తెరిచేలోపే పెద్దాయన నా తల మీద చెయ్యి పెట్టి, "సల్లగుండు! గోదాంల ఒక్క డబ్బా మిగల్లే. ఇగ ఆ ముసలామెను తీసెయ్యుండ్రి. లంగా ఓణీ ఏసుకున్న పిల్ల బొమ్మ పెట్టుండ్రి. డబ్బా మీద గూడ" అన్నాడు.

ఆనందంలో ఉన్నదాన్ని ఊరుకోవచ్చుగా. "మరి పెద్దవాళ్ళకి సార్? వాళ్ళ కోసమే కదా చేశారు?" అన్నాను.

"వాళ్ళు ఏడ కొంటరు బిడ్డా?"

"మీరు తాగుతారా సార్?"

"నేనా?" అని ఆశ్చర్యపోయాడు పెద్దాయన. "నేనెందుకు తాగుత? అది ముసలోళ్ళది కదా!"

అలా నేను పర్మనెంటు అయ్యాను. స్వీట్లు పట్టుకుని ఇంటికెళ్ళి అత్తయ్యకి చెప్పాను. "బీఈడీ తప్పిందన్నమాట!" అని నన్ను దగ్గరికి తీసుకుంది. ఆ ఊపులోనే బోర్డు మార్చేస్తున్నారని కూడా చెప్పేశాను. ఆమె స్వీటు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"నా బొమ్మ తీసేస్తారుటే?" అని అడిగింది. జీవితంలో మొదటిసారి అత్తయ్య చిన్న గొంతుతో మాట్లాడడం విన్నాను. "నీకు ఆ బొమ్మ నచ్చలేదుగా అత్తయ్యా, శాలువా, కర్ర…" అన్నాను. "నచ్చలేదనుకో. అయినా నేనంటూ ఒకదాన్ని ఉన్నానని ఊరికి తెలిసింది కదే" అంది. నాకు చాలా బాధేసింది. ఇంకో స్వీటు ఇచ్చాను.

అత్తయ్య ఎక్కువసేపు దిగులుపడే రకం కాదు. వారం తిరిగేసరికి బోర్డు మీదికీ, డబ్బా మీదికీ లంగా ఓణీ పిల్ల వచ్చింది. ఒక సాయంత్రం నన్ను మోపెడ్ వెనకాల కూర్చోబెట్టుకుని కిరాణా కొట్టుకి తీసుకెళ్ళి ఆ డబ్బా అడిగింది. కొట్టతను డబ్బా దించుతూ, "మనవరాలికా అమ్మా?" అన్నాడు.

అత్తయ్య కళ్ళద్దాలు పైకి నెట్టి, కొట్టంతా వినపడేలా, "నాకే నాయనా. ఈమధ్యనే అయ్యాను" అంది.

ఇప్పుడు అత్తయ్య లేదు. టైర్ల షాపు ఉన్నచోట పన్నెండంతస్తుల అద్దాల మేడ ఉంది. నాకు యాభై దాటి కొన్నేళ్ళయింది. ఎలా కనిపెట్టిందో ఏమో, నా ఫోను పొద్దున లేస్తే మోకాళ్ళ నూనెలు చూపిస్తోంది. మొన్న కొండాపూర్‌లో ఒక మాల్‌కి వెళ్ళి, పరుగెత్తడానికి వేసుకునే బూట్లు, మంచి నారింజ రంగువి చూపించమన్నాను. (పరుగెత్తుతానని కాదు, నడుస్తాను. కానీ రంగు నచ్చింది.) కౌంటరులో కుర్రాడు మర్యాదగా, "మీ అమ్మాయికా మేడమ్?" అని అడిగాడు. కోపం రావాల్సింది. కానీ ఎక్కణ్ణుంచో ట్రంకాల్ కలిసినట్టయింది.

"నాకే బాబూ. ఈమధ్యనే పెద్దమనిషిని అయ్యాను" అన్నాను గట్టిగా.

"కంగ్రాట్స్ మేడమ్" అన్నాడు ఆ పిల్లాడు, నా సైజు వెతకడానికి లోపలికి వెళుతూ.